నాన్నగారికి ఈ-రీడర్: ముందు ఫైలు, తర్వాత స్క్రీను, ఆఖర్న కంపెనీ

మీరు అడిగింది ఇదీ. నాన్నగారికి డెబ్భై ఏళ్లు, రిటైరైన తెలుగు మాస్టారు, అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు. పోయినేడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఫోన్లో చదువుతుంటే అరగంటకే కళ్లు నీరు కారుతున్నాయి. పదిహేను, ఇరవై వేలలో ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన యంత్రం, కొనిద్దామనుకుంటున్నారు. కిండిలా, కోబోనా? కలర్‌ది తీసుకోవాలా? అసలు ఆ స్క్రీన్లో నిజంగానే లైటు ఉండదా?

నేను పాలకొల్లులో పాతికేళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. శుభలేఖల నుంచి శతకాల దాకా కంపోజ్ చేశాను. ఈ-రీడర్లు వాడటం మొదలుపెట్టి పదకొండేళ్లవుతోంది. ఇప్పటికి మూడు మార్చాను, అందులో ఒకటి పగలగొట్టాను. ఆ కథ కింద చెబుతాను.

మీ ప్రశ్నలో కంపెనీల పేర్ల కంటే నాకు ముందు కనబడింది "పీడీఎఫ్‌లు ఫోన్లో" అన్న ముక్క. మన పాత పుస్తకాలు చాలావరకు డెమ్మీ 1/8 సైజువి. అంటే పేజీ వెడల్పు అయిదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర. ఫోన్ వెడల్పు రెండు ముప్పావు అంగుళాలు ఉంటే గొప్ప. అయిదున్నర అంగుళాల పేజీ అందులో ఇమడాలంటే సగానికి కుంచించుకుపోవాలి. పన్నెండు పాయింట్లలో (అచ్చులో అక్షరం సైజుకి కొలత) అచ్చు వేసిన అక్షరం ఆరు పాయింట్లకు దిగిపోతుంది. మా షాపులో ఆరు పాయింట్లు ఎప్పుడు వాడేవాళ్లమో తెలుసా? చిట్‌ఫండ్ కరపత్రాల అడుగున షరతులు వేయడానికి. ఎవరూ చదవకుండా ఉండాలని వేసే అక్షరం అది! మీ నాన్నగారు రోజూ దాన్ని పేజీలకు పేజీలు చదువుతున్నారు. కళ్లు నీరు కారక ఏం చేస్తాయి?

అందుకని, ఈ-ఇంక్ (ఈ-రీడర్లకు ఉండే కాగితం లాంటి స్క్రీన్) కొన్నంత మాత్రాన కళ్ల బాధ పోతుందని అనుకోకండి. అదే పీడీఎఫ్‌ని, స్క్రీన్ మూల నుంచి మూలకి ఆరంగుళాలుండే ఈ-రీడర్లో నిలువుగా తెరిస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఆ స్క్రీన్ పొడవు సుమారు 4.8 అంగుళాలు, వెడల్పు 3.6. ఎనిమిదిన్నర అంగుళాల పేజీ 4.8లో పట్టాలి కాబట్టి పన్నెండు పాయింట్ల అక్షరం ఏడుకైనా రాదు. అంత డబ్బు పోసి కొని, మళ్లీ చిట్‌ఫండ్ షరతుల సైజు దగ్గరే ఆగిపోతాం. ఈ-రీడర్ కొని నెల తిరక్కుండా బీరువాలో పడేసినవాళ్లని నలుగురైదుగురిని చూశాను. అందరిదీ ఇదే కథ.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది నాన్నగారు చదివే ఫైళ్లు ఎలాంటివి అన్నది. ఇవి రెండు రకాలు. ఈపబ్ అనేదాంట్లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. సైజు పెంచితే వాక్యాలు వాటంతటవే కొత్త వరసల్లో సర్దుకుంటాయి. కిండిల్‌కి కూడా 2022 నుంచి ఈపబ్ పంపితే తీసుకుంటోంది. రెండోది స్కాన్ చేసిన పీడీఎఫ్. అది పేజీకి ఫొటో తీసినట్టే. అక్షరం పెంచాలంటే ఫొటో మొత్తాన్ని పెంచాలి. పెంచితే పేజీ స్క్రీన్ దాటి బయటికి పోతుంది.

తెలుగుకి ఈపబ్‌లు ఎందుకు తక్కువ అని చాలామంది అడుగుతారు. దాంట్లో మా డీటీపీ వాళ్ల పాపం కొంత ఉంది. ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలన్నీ పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ (ఏ యంత్రమైనా తెలుగక్షరాన్ని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) ఫాంట్లు కావు. స్క్రీన్ మీద "అమ్మ" అని కనబడినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త. కాగితం మీద అచ్చేయడానికి అది చాలు. దాన్ని ఈపబ్ చేయాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వచ్చే తప్పులు కూర్చుని దిద్దాలి. ఆ పని ఎవరు చేస్తారు? పీడీఎఫ్ తీసి ఊరుకునేవాళ్లం. కిండిల్ అమ్మే అమెజాన్ 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలని అయిదు భాషలు మొదలుపెడితే అందులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు.

అయినా తెలుగు ఈపబ్‌లు ఉన్న మంచి చోటు ఒకటుంది. తెలుగు వికీసోర్స్. కాపీహక్కులు తీరిపోయిన పుస్తకాలను ఔత్సాహికులు టైపు చేసి, దిద్ది అక్కడ పెడుతున్నారు. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. 1919లో కన్నుమూసిన మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గారి రచనలు అక్కడ చదువుకోవచ్చు. ఏ పుస్తకమైనా ఈపబ్‌గా దించుకోవచ్చు. నాన్నగారి అభిరుచికి ఇది సరిపోతే మీ పని సగం తేలికైపోతుంది. ఇక ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్లో దొరికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు వేలల్లో ఉన్నాయి గానీ అవన్నీ స్కాన్లే. చెదలు తిన్న మార్జిన్, లైబ్రరీ ముద్ర, పక్క పేజీ నీడ, అన్నీ ఫొటోలో పడి ఉంటాయి.

ఇప్పుడు స్క్రీన్ సంగతి. లోపల ఏముందో తెలిస్తే షాపువాడు చెప్పే మాటల్లో ఏది నిజమో మీకే తెలుస్తుంది.

సగ్గుబియ్యం వడియాలు పెట్టడం చూసే ఉంటారు. పెద్దాపురం, సామర్లకోట వైపు నుంచి వచ్చే సగ్గుబియ్యం ఉడికాక గింజ అద్దంలా అయిపోతుంది. అలాంటి గింజల్ని ఒకదాని పక్కన ఒకటి, ఒకే పొరగా పరిచారనుకోండి. ఒక్కో గింజ వెంట్రుక మందం. దాని లోపల నీళ్లలా తేటగా ఉండే ఒక ద్రవం, ఆ ద్రవంలో రెండు రకాల పొడి. తెల్లపొడి టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్ల పెయింట్లో ఉండేదే. నల్లపొడి చూడటానికి కాటుకలో మసిలా ఉంటుంది. తెల్ల రేణువులకు పాజిటివ్ చార్జి, నల్లవాటికి నెగెటివ్ చార్జి ఇచ్చి ఉంటారు. కింద కరెంటు పలకలు ఉంటాయి. పలక పాజిటివ్ అయిందా, నల్ల రేణువులు కిందికి దిగిపోతాయి, తెల్లవి పైకి తేలతాయి, అక్కడ కాగితం కనబడుతుంది. నెగెటివ్ అయిందా, నల్లవి పైకొస్తాయి, అక్కడ అక్షరం కనబడుతుంది. అంతే. అది సిరా బొమ్మ కాదు, నిజంగా నల్లపొడీ తెల్లపొడీ స్థలాలు మారుతున్నాయి. కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ కదిలించి నలుపు తెలుపుల మధ్య మొత్తం పదహారు ఛాయలు తెప్పిస్తారు.

దీంట్లో గొప్పతనం ఏమిటంటే, రేణువులు కదిలేటప్పుడే కరెంటు కావాలి. కాలవ తూము షట్టర్ ఎత్తేటప్పుడు చక్రం తిప్పాలి గానీ, ఎత్తాక అదలాగే నిలబడి ఉంటుంది కదా, అలాగన్నమాట. ఫోన్ స్క్రీన్ చేలో మోటారు లాంటిది. ఆన్‌లో ఉన్నంతసేపే నీళ్లు, ఆపితే లేవు. అందుకే ఈ-రీడర్ ఒకసారి చార్జి చేస్తే వారాలు వస్తుంది. తుఫానుకి స్తంభాలు పడి నాలుగు రోజులు కరెంటు లేకపోయినా దీనికి దిగులు లేదు. లైటు బాగా పెంచుకుని, వైఫై ఆన్‌లో వదిలేస్తే మాత్రం ఆ లెక్క తప్పుతుంది.

ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో చుక్కలు సరిగా పడ్డాయో లేదో చూడటానికి చిన్న భూతద్దం ఉంటుంది. నాకు ఈ-రీడర్ వచ్చిన మొదటి రోజు చేసిన పని దాన్ని స్క్రీన్ మీద పెట్టి చూడటం. ఫోన్ మీద పెడితే ఎర్ర, ఆకుపచ్చ, నీలం బల్బులు వరసగా మిణుకుమంటాయి. ఈ-రీడర్ మీద పెడితే తెల్లటి చోట సున్నం కొట్టిన గోడలా గరుకుగా, అక్షరం అంచు కాస్త రవ్వరవ్వగా కనబడింది. లెటర్‌ప్రెస్ అచ్చులో సిరా కాగితంలోకి ఇంకినప్పుడు అంచు ఎలా ఉంటుందో, ఇంచుమించు అలాగే. కంపెనీ వాళ్లు "కాగితంలా ఉంటుంది" అనేది మరీ అబద్ధం కాదని అప్పుడు ఒప్పుకున్నాను. తెలుపు మాత్రం మంచి పుస్తకాలకు వాడే మేప్‌లితో కాగితమంత తెలుపు రాదు. న్యూస్‌ప్రింట్‌కి కొంచెం మెరుగు అనుకోండి.

పేజీ తిప్పినప్పుడు ఒక్కోసారి స్క్రీన్ మొత్తం నల్లగా మెరిసి మళ్లీ తెల్లబడుతుంది. చూసి నాన్నగారు పాడైపోయిందని కంగారుపడతారు, ముందే చెప్పండి. కొన్ని రేణువులు పాత చోటే ఉండిపోయి వెనకటి పేజీ అక్షరాలు లీలగా కనబడుతుంటాయి. పలకని పొడిచేత్తో తుడిస్తే పాత అక్షరం కనబడినట్టు. ఆ నల్లమెరుపు తడిగుడ్డతో పలక తుడవడం లాంటిది. సెట్టింగుల్లో ప్రతి పేజీకీ పెట్టుకోవచ్చు, కొన్ని పేజీలకోసారి పెట్టుకోవచ్చు. స్కాన్ పుస్తకాలకు ప్రతి పేజీకీ పెట్టడమే మేలు.

ఈ రేణువుల గింజలున్న స్క్రీన్ రేకు తయారుచేసే పెద్ద కంపెనీ పేరే ఈ-ఇంక్. అమెరికాలో ఎంఐటీలో జరిగిన పరిశోధన నుంచి 1997లో పుట్టింది, 2009లో తైవాన్ కంపెనీ చేతికి వెళ్లింది. దీంతో జపాన్‌లో సోనీ 2004లో మొదటి రీడర్ అమ్మింది, అమెజాన్ 2007లో కిండిల్ తెచ్చింది. ఇవాళ కిండిల్, కోబో, పాకెట్‌బుక్, బూక్స్ ఏది కొన్నా ముందున్న రేకు ఆ కంపెనీదే. మిల్లు ఒకటే, బస్తా మీద బ్రాండు వేరు. అందుకే "దాని స్క్రీన్ బాగుంటుందా, దీనిది బాగుంటుందా" అనే తగువులో పెద్ద పస లేదు. చూడాల్సింది సైజు, చుక్కల సాంద్రత, లైటు.

చుక్కల సాంద్రతని పీపీఐ అంటారు, అంగుళానికి ఎన్ని చుక్కలని. పాత చవక మోడళ్లలో 167 ఉండేది, ఇప్పుడు మంచివాటిలో 300. ఇంగ్లీషు చదివేవాళ్లు 167తో సర్దుకుపోతారు. తెలుగుకి కుదరదు. పది పాయింట్ల అక్షరానికి 167లో నిలువునా దొరికేది ఇరవై మూడు చుక్కలు. అందులోనే తలకట్టు, గుడి, అక్షరం, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు, అన్నీ పట్టాలి. "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" లాంటి మాటల్లో వత్తులు ముద్ద కట్టేస్తాయి. ధ, థ మధ్య తేడా నడిమి చుక్క ఒక్కటే, అది కాస్తా పూడిపోతుంది. 300 అయితే అదే అక్షరానికి నలభై రెండు చుక్కలు దొరుకుతాయి. నేను మొదట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది 167ది. మూడు నెలలు ఊహించుకుంటూ చదివాను. ఎవరైనా "సగం ధరకి ఇస్తా" అంటే ముందు పీపీఐ అడగండి.

ఇక సైజు. ఇక్కడే మీ డబ్బు సార్థకం కావడమో వృథా కావడమో తేలిపోతుంది. డెమ్మీ పేజీలో మార్జిన్లు కత్తిరించేస్తే అక్షరాలున్న భాగం సుమారు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఏడు పొడవు. పదీ పాయింట్ మూడు అంగుళాల రీడర్లో మొత్తం పేజీ దాదాపు అసలు సైజులోనే పడుతుంది. హాయిగా ఉంటుంది. కానీ ధర మీ బడ్జెట్‌కి రెండింతల దాకా పోతుంది. 7.8 అంగుళాల దాంట్లో మార్జిన్ తీసేస్తే పన్నెండు పాయింట్లు పదిన్నర చిల్లరగా కనబడుతుంది. ఫర్వాలేదు. ఏడు అంగుళాల దాంట్లో తొమ్మిదిన్నర. ఆరు అంగుళాల దాంట్లో ఎనిమిది. ఆపరేషన్ అయిన కళ్లకి ఈ ఎనిమిది వద్దు.

అయితే ఏడు అంగుళాలదాన్ని అడ్డంగా తిప్పండి. వెడల్పు 5.6 అంగుళాలు అవుతుంది. నాలుగుంబావు అంగుళాల వరస అందులో సాగి, పన్నెండు పాయింట్లు పదహారు పాయింట్ల దగ్గరికి వస్తుంది. పదహారంటే చిన్నపిల్లల వాచకంలో వేసే సైజు! ఒక్కో పేజీ రెండు మూడు ముక్కలుగా వస్తుంది, బటన్ నొక్కుతూ పోవడమే. అలవాటు పడటానికి రెండు రోజులు. మీ బడ్జెట్‌లో నేను చెప్పేది ఇదే: ఏడు అంగుళాలు, 300 పీపీఐ, స్కాన్లు అడ్డంగా, ఈపబ్‌లు నిలువుగా.

మార్జిన్ కత్తిరించడానికి కంప్యూటర్లో బ్రిస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. సరి పేజీలూ బేసి పేజీలూ వేర్వేరుగా చూపిస్తుంది, పెట్టె గీసి కత్తిరించుకోవచ్చు. కోరీడర్ అని ఇంకోటి, అది రీడర్ లోపలే వేసుకునేది, అదీ ఉచితమే. మార్జిన్ అదే తీసేస్తుంది, పైగా పాలిపోయిన అక్షరాన్ని నల్లగా చేసే కాంట్రాస్ట్ మీట ఉంటుంది. పసుపెక్కిన పాత పుస్తకం స్కాన్‌కి ఆ మీట సంజీవని. కోబోలో, పాకెట్‌బుక్‌లో, బూక్స్‌లో ఇది తేలిగ్గా ఎక్కుతుంది. కిండిల్‌లో ఎక్కించాలంటే దాని తాళం పగలగొట్టాలి, పెద్దాయన కోసం కొనేదానికి ఆ తలనొప్పి నేను చెప్పను.

ఇంకో మాట, ఈ-రీడర్లు అమ్మేవాళ్లు చెప్పనిది. నాన్నగారు చదివేది పాత వారపత్రికల స్కాన్లే అయితే, ఆ పెద్ద పేజీలకీ రెండు కాలమ్‌లకీ ఏడు అంగుళాలు చాలదు. అప్పుడు మామూలు పది, పదకొండు అంగుళాల ట్యాబ్ కొనండి. బ్రైట్‌నెస్ తగ్గించి, గదిలో లైటు వేసుకుని చదివితే చిన్న ఈ-రీడర్ కంటే అదే సుఖం.

లైటు ఉండదా అన్నారు. ఉంటుంది. ఇప్పటి రీడర్లలో స్క్రీన్ అంచున చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. పైన ఒక పల్చని పారదర్శకమైన పొర ఆ వెలుతురుని స్క్రీన్ మీదికి పరుస్తుంది. అది రేణువుల మీద పడి తిరిగి మన కంటికి వస్తుంది. అరుగు మీద లాంతరు పెట్టుకుని పుస్తకం చదవడం ఇది. ఫోన్లో అయితే వెలుగు మన కంటి వైపే వస్తుంది, పెట్రోమాక్స్ లైటు మీద అక్షరాలు రాసి చదవమన్నట్టు. లైటు పూర్తిగా ఆపేసి పగటి వెలుతురులో కూడా చదువుకోవచ్చు. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం మిట్టమధ్యాహ్నం నిలబడ్డప్పుడు ఫోన్ తీస్తే నా ముఖమే కనబడేది. రీడర్ తీస్తే ఎండ పెరిగేకొద్దీ అక్షరం ఇంకా స్పష్టం.

లైటు రంగుని తెలుపు నుంచి పసుపుకి మార్చుకునే సౌకర్యం ఉన్నది తీసుకోండి. రాత్రిపూట హాయిగా ఉంటుంది. అంతకుమించి "కళ్లకు రక్షణ" అని పెట్టెల మీద రాసేదాన్ని నేను పెద్దగా పట్టించుకోను. దేన్నయినా కళ్లప్పగించి చూస్తుంటే మనం రెప్పలు కొట్టడం తగ్గిస్తాం, కన్ను ఆరిపోతుంది, మంట పుడుతుంది. ఈ-రీడర్ దాన్ని ఆపదు. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కొబ్బరిచెట్ల వంక చూడమనండి. అక్షరం పెద్దది చేశాక కూడా నీరు కారుతుంటే అది స్క్రీన్ సంగతి కాదు, ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి చూపించాల్సిందే.

కలర్ వద్దు. ఎందుకో రెండు మాటల్లో చెబుతాను. వీటిలో ఎక్కువ భాగం అదే నలుపు తెలుపు రేకు మీద రంగుల జల్లెడ పరిచినవి. నలుపు తెలుపులో 300 ఉన్నా రంగుకి 150 పీపీఐ మాత్రమే దక్కుతుంది. జల్లెడ అడ్డం కాబట్టి కాగితం మసకబారుతుంది, లైటు పెంచుకోవాల్సి వస్తుంది. నాన్నగారికి కావాల్సింది నల్లటి అక్షరం, తెల్లటి కాగితం.

ఇప్పుడు కంపెనీ. తెలుగు ఫాంట్ల కోసం కోబోలోనూ కిండిల్‌లోనూ కంప్యూటర్‌కి తగిలించి ఫాంట్స్ అనే ఫోల్డర్లో మనకు నచ్చినవి వేసుకోవచ్చు. పుస్తకం చదవడానికి నాకు మండలి నచ్చుతుంది, నోటో సెరిఫ్ తెలుగు కూడా బాగుంటుంది. శుభలేఖల ఫాంట్లు పెట్టకండి, పది పేజీలకే విసుగొస్తుంది. కొన్న రోజునే ఒక తెలుగు ఈపబ్ తెరిచి "స్త్రీ" అన్న మాట వెతకండి. అది "స్‌త్‌రీ" అని విడిపోయి కనబడితే ఆ యంత్రానికో, ఆ ఫాంటుకో వత్తులు కట్టడం రాదని అర్థం. ముందు ఫాంటు మార్చి చూడండి, అప్పటికీ రాకపోతే గడువులోగా వెనక్కిచ్చేయండి.

కిండిల్ తేలిగ్గా దొరుకుతుంది, వాడటం సులువు. సొంత పీడీఎఫ్‌లు కేబుల్‌తో వేసుకోవచ్చు, కానీ వాళ్ల దగ్గర కొన్న పుస్తకాల్ని కంప్యూటర్లోకి దించి దాచుకునే వీలు 2025 ఫిబ్రవరి 26 నుంచి తీసేశారు. మీ నాన్నగారు కొనేది తక్కువ, పోగేసేది ఎక్కువ కాబట్టి పెద్ద నష్టం లేదు. కోబో, పాకెట్‌బుక్ స్కాన్లకు మెరుగు, కోరీడర్ వల్ల. కానీ అవి విదేశం నుంచి ఎవరిచేతో తెప్పిస్తే, ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో అడిగే కొనండి. బూక్స్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, న్యూస్‌పేపర్ యాప్‌లూ పెట్టుకోవచ్చు, కాకపోతే బ్యాటరీ అంత నిలవదు, సెట్టింగులు అడివిలా ఉంటాయి. మీరు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి ఆయన ఒక్కరూ వాడాలంటే నా ఓటు కిండిల్‌కే. పక్కనే ఉండి మీరు సర్దిపెట్టగలిగితే కోబో. ఏదైనా సరే, పేజీ తిప్పడానికి బటన్లున్న మోడల్ దొరికితే వదలకండి. వయసు మీదపడ్డ పొడివేళ్లకు టచ్ స్క్రీన్ ఒక్కోసారి పలకదు.

మన గోదావరి డెల్టాలో వాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఒకటి తేమ. వానాకాలం బీరువాలో పుస్తకాలకు బూజు పట్టినట్టే రీడర్ తోలు కవరుకీ పడుతుంది. ప్లాస్టిక్ కవరు మేలు. నీళ్లలో పడ్డా ఫర్వాలేదని ఐపీఎక్స్8 అని రాస్తారు. ఆ పరీక్ష మంచినీళ్లలో చేసేది. అంతర్వేది సముద్రపు నీళ్లకి ఆ హామీ వర్తించదు. తడిస్తే చార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టకండి. రోహిణికార్తెలో కారు డ్యాష్‌బోర్డు మీదా, స్కూటర్ డిక్కీలోనూ వదిలేయకండి.

రెండోది ఒత్తిడి. పైకి ప్లాస్టిక్‌లా కనబడుతుంది గానీ చాలా రీడర్లలో రేకు వెనక ఉన్న పలక పల్చటి గాజు. నా రెండో రీడర్‌ని సంచిలో పెట్టుకుని తోటకి వెళ్లాను. వచ్చేటప్పుడు మా పాలేరు అదే సంచిలో నాలుగు కొబ్బరికాయలు వేశాడు. స్కూటర్ మీద ఇంటికొచ్చి తీస్తే పైన గీత కూడా లేదు. పేజీ తిప్పాను. కుడివైపు సగం కొత్త పేజీ వచ్చింది, ఎడమవైపు సగం పాత పేజీ అలాగే ఉండిపోయింది, మధ్యలో ఏటవాలుగా ఒక నల్లగీత. షట్టర్ చక్రం విరిగిపోయింది, తలుపు ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. రిపేరుకి అడిగితే కొత్తదాని ధర దగ్గరికి చెప్పారు. అది ఇప్పటికీ నా షెల్ఫులో ఉంది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఆ సగం పేజీ మాత్రం ఇంకా చదువుకోవచ్చు. మీరు గట్టి అట్ట ఉన్న కవరు రీడర్‌తోపాటే కొనేయండి, తర్వాత చూద్దాం అనుకోకండి.

పెట్టె విప్పిన రాత్రి గదిలో లైట్లు ఆపి, రీడర్ లైటు సగానికి పెట్టి ఖాళీ పేజీ చూడండి. అడుగున కొంచెం నీడలు సహజం. ఒక మూల పసుపు, ఒక మూల నీలం తేడాగా ఉంటే మార్చమని అడగండి.

నాన్నగారి చేతికి ఇచ్చే ముందు మాత్రం ఒక సాయంత్రం కేటాయించండి. ఆర్కైవ్ నుంచి దించిన ఫైళ్లకు చాలావాటికి 2015 అని మొదలై చుక్క పెట్టి ఆరంకెల నంబరు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా పుస్తకం పేరు ఉంటాయి. వాటిని అలాగే ఎక్కిస్తే ఆయనకు ఏది ఏ పుస్తకమో తెలియదు, మీకు ఫోన్ చేస్తారు, మీకూ తెలియదు. మార్జిన్లు కత్తిరించి, ఒక్కో ఫైలుకీ తెలుగులో పుస్తకం పేరు, రచయిత పేరు రాయండి. కిండిల్ అయితే పీడీఎఫ్ లోపలి టైటిల్ కూడా మార్చాల్సి రావచ్చు, లిస్టులో అదే కనబడుతుంది. ముందు ఇరవై పుస్తకాలు చాలు. నాలుగొందలు వేసిస్తే ఏది తెరవాలో తెలియక మళ్లీ ఫోన్ తీసుకుని కూర్చుంటారు.